బొమ్మచీట్ల భాండారము

న్యూయార్కు నగరమున సెంట్రల్ పార్కు నానుకొని మెట్రోపాలిటన్ కళాప్రదర్శనశాల కలదు. శిల్పములను, చిత్రములను చూచుచు పోయిపోయి, అరచేతికంటె చిన్నవగు బొమ్మచీట్ల యొద్ద మేము నిలిచిపోతిమి. అవి బేసుబాలు ఆటగాండ్ర చిత్రములు. 1909 మొదలు 1911 వఱకు పొగాకు కంపెనీవారు సిగరెట్టు పెట్టెలలో నుంచి పంచినవి.

ఆ కూర్పులో హోనస్ వాగ్నరు చీటి మిక్కిలి అరుదు. 2022లో అట్టిదొకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయినది. కాని మా మనస్సును పట్టినది జో డోయిలు అను ఆటగాని కథ. ఈతడు బంతి విసరువాడు. 1906లో తన మొదటి రెండాటలలోను ఎదుటి పక్షమునకు ఒక్క పరుగైనను ఈయలేదు. అయినను కీర్తి నిలువలేదు. చీట్లు అచ్చువేసినవారు వేఱొక డోయిలని పొరబడి, కొన్నిటిపై జట్టు పేరు తప్పుగా వేసిరి. నేడు ఆ తప్పునకే వెల. ఆటను తలచువారు అరుదు.

వీనిని కూర్చిన జెఫర్సన్ బర్డిక్ ధనికుడు కాడు; సిరక్యూసు పట్టణమున కర్మాగారపు పనివాడు. కాగితపు బొమ్మలు 3 లక్షలకు పైగా సేకరించి ఈ శాలకు దానమిచ్చెను. వానిలో ఆటగాండ్ర చీట్లే 30,000లకు మించినవి. కీళ్లవాతముతో చేతులు స్వాధీనము తప్పుచున్నను, ఇచటనే కూర్చుండి పుస్తకములలో అంటించెను. 1963 జనవరిలో పని ముగించి, మార్చిలో కన్నుమూసెను. ప్రసిద్ధునికిని, పేరులేనివానికిని ఆతడు చూపిన శ్రద్ధ ఒక్కటే.

సోదరీమణులారా! మన పెట్టెల అడుగునను పాతకాగితములు కలవు. చెత్తయని పాఱవేయుటకు ముందు, వానిపై ఎవరి పేరున్నదో ఒకమాఱు చదువుడు.