గృహక్రయవిక్రయములు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత నెఱుగనివారు తెలుగునాట లేరు. ఆ సామెత పుట్టిన నాడు ఇల్లు కట్టుకొనువారే గాని కొనుక్కొనువారు మిక్కిలి తక్కువ. తాతలనాటి స్థలమున మట్టిగోడ లెత్తి తాటాకు కప్పుకొన్నవానికి పత్రములతో పనిలేదు. ఊరంతయు వానికి సాక్షి. నేడట్లు గాదు. ఉద్యోగము నిమిత్తము పట్టణము చేరినవాడు, ముక్కుమొగ మెఱుగని మఱియొకనివద్ద, ఎవ్వరో కట్టిన ఇంటిని, ఇరువదియేండ్ల జీతమును ముందుగనే బ్యాంకునకు ఒప్పగించి కొనుచున్నాడు. కావున సామెతను సవరింపవలసివచ్చినచో “ఇల్లు కొని చూడు” అని చేర్చుట యుక్తముగ నుండును.

ఇందొక వింత గలదు. వంకాయలు కొనునపుడు పుచ్చులున్నవేమో యని ఒక్కొక్కదానిని త్రిప్పి చూతుము. బంగారము కొనునపుడు రెండు కొట్లయందు ధర విచారింతుము. జన్మమున కొకమాఱు కొనెడి ఇంటి విషయమున మాత్రము, ఆదివారము మధ్యాహ్న మొక గడియ చూచివచ్చి, “బాగున్నది” అని బయానా ఇచ్చివేయుదుము. వస్తువు పెద్దదైన కొలది విచారణ చిన్నదగుట మన సంసారములయందలి వ్యాధులలో నొకటి.

నేను న్యాయవాదిని గాను, బడిపంతులను. అయినను సంస్కృతమును ఆంగ్లమును కొంత చదువుకొన్నవాడ నగుటచే, దస్తావేజులందలి భాష బోధపడని ఇరుగుపొరుగువారును పూర్వశిష్యులును తమ పత్రములను దెచ్చి నాచే చదివించుకొనుట చాలకాలముగ జరుగుచున్నది. నా బాల్యమిత్రు డొకడు ఇండ్ల క్రయవిక్రయములందు మధ్యవర్తిగ ఇరువదియేండ్లనుండి పనిచేయుచున్నాడు. రాత్రిపూట మా యరుగుపై గూర్చుండి యాతడు చెప్పిన సంగతులును, నేను చదివిన పత్రములును గలిసి యీ వ్యాసమైనవి.

మొదట మధ్యవర్తిని గూర్చియే చెప్పెదను. దళారి యను మాట మనలో నిందగా మాఱినది. అందఱును నిందార్హులు గారు. మంచి మధ్యవర్తి ఉభయులకును తెలిసిన సత్యము నొక్కటిగా నుంచును. చెడ్డవాడు ఒక్కొక్కరి చెవిలో నొక్కొక్క ధర యూదును. వీరిని వేఱుపఱచుటకు నా మిత్రుడు చెప్పిన ఉపాయము సులభమైనది. “నీ రుసుము ఎంత? అది ఎవ్వరు ఇత్తురు? ఇరువైపులను పుచ్చుకొనుచున్నావా?” అని మొదటి దినముననే యడుగవలెను. సూటిగా బదులు చెప్పువానితో పనిచేయవచ్చును. “అది తరువాత చూచుకొందములెండు” అనువానికి దండము పెట్టవలెను. 2016వ సంవత్సరపు స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా లోకులు ‘రేరా’ యని పిలుచునది, తన పరిధిలోని నూతన నిర్మాణములను అమ్మించు మధ్యవర్తులు తమ పేరు నమోదు చేయించుకొనవలెనని విధించినది. ఆ సంఖ్య నడుగుట అవమానించుట గాదు. వైద్యుని పట్టా గోడపై నుండగా చూచుట యెట్టిదో ఇదియు నట్టిదే.

ఇక కొనువారికి. ఇంటికి రెండు దేహములు గలవు. ఒకటి ఇటుకలతో గట్టినది, రెండవది కాగితములతో గట్టినది. మనము మొదటిదానిని చూచి మోహించి, రెండవదానిని చూడక మోసపోవుదుము. అమ్మువానికి ఆ ఇల్లు ఎట్లు వచ్చినది? వానికి అమ్మినవాని కెట్లు వచ్చినది? ఇట్లు వెనుకకు ముప్పది యేండ్లవఱకైనను గొలుసు తెగకుండ పోవలెను. వీనినే లింకు దస్తావేజు లందురు. గొలుసులో ఒక కొక్కెము లేకున్నను, ఆ లోటునకు కారణము కాగితముపైననే కనబడవలెను గాని మాటలయందు గాదు.

ఋణభార ధ్రువపత్రమును, అనగా ఈ.సీ.ని, తీసికొనినంత మాత్రమున సర్వమును తేలినదని పలువురు తలంతురు. అది సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున నమోదైన వ్యవహారములనే చూపును. అసలు దస్తావేజులను బ్యాంకునందుంచి తెచ్చిన అప్పు, ప్రత్యేక పత్రము నమోదు గాకున్నచో, అందు కనబడకపోవచ్చును. నమోదు గాని యొడంబడికయు, చెల్లింపని ఇంటిపన్నును అందుండవు. కావున అసలు పత్రములను కంటితో చూడవలెను. “నకళ్లు ఇవిగో, అసలువి ఊరిలో నున్నవి” అనువాని మాట నమ్మి బయానా ఇచ్చుట కన్న, ఆ ఊరికి బండి కట్టించుకొని పోవుటయే చవుక.

మఱియొక భ్రమ గలదు. రిజిస్ట్రేషను జరిగినచో హక్కు స్థిరమైనదని తలంతురు. రిజిస్ట్రారు పత్రమును నమోదు చేయును గాని, అమ్మువాని హక్కునకు పూచీపడడు. తనది గానిదానిని అమ్మినవాని పత్రము నమోదైనను, కొన్నవానికి దక్కునది ఆ కాగితమే. అట్లని నమోదు అక్కఱలేదనుకొనరాదు. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము నూరు రూప్యములు మొదలుకొని విలువగల స్థిరాస్తి విక్రయము నమోదైన పత్రముచేతనే జరుగవలెను. వట్టి అగ్రిమెంటు ఇంటిపై హక్కు నీయదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితమును చేతిలో బెట్టి “ఇదియే అమ్మకము” అను ఆచారమును సర్వోన్నత న్యాయస్థానము 2011లో స్పష్టముగ కాదన్నది. ఆ కాగితము ఒకని తరఫున పనిచేయుటకు అధికార మిచ్చునే గాని సొత్తు నీయదు.

ప్రభుత్వము పేదల కొసగిన అసైన్డు భూముల విషయమున మఱింత మెలకువ వలెను. వాని బదలాయింపును నిషేధించుచు 1977లోనే చట్టము వచ్చినది. తరువాత కొన్ని సడలింపులు కలిగినను, నిషిద్ధ భూముల జాబితాలో సర్వే సంఖ్య ఉన్నదా లేదా యని చూడక అడుగు ముందునకు వేయరాదు. చవుకగా వచ్చుచున్నదను మాట వినగానే ఏల చవుకయో విచారింపుడు.

క్రొత్త ఫ్లాటు కొనువారికి మూడు మాటలు. అమ్మువారు చెప్పెడి చదరపు అడుగులలో మెట్లు, వసారాలు, అందఱి భాగములును గలిసియుండును. మీరు నడచెడి నేల యెంతయో తెలుపునది కార్పెట్ ఏరియా. ధరను దానిచే భాగించి చూచుకొనుడు. రేరా చట్టము ప్రకారము నమోదైన ఒడంబడిక లేకుండ ధరలో పదవవంతునకు మించి పుచ్చుకొనుటకు నిర్మాతకు అధికారము లేదు. స్వాధీన మిచ్చిన ఐదేండ్లలోపల కట్టడపు లోపము తెలియజేసినచో దానిని బాగుచేయవలసిన భారము నిర్మాతదే. ఇవి మీకు దయతో నిచ్చునవి గావు, చట్టమిచ్చినవి. కావున అడుగుటకు మొగమాట మక్కఱలేదు.

ఇటుకల దేహమును చూచు విధము గూడ గలదు. నా మిత్రునివెంట ఇల్లు చూడవచ్చువారు గుమ్మము దాటకమునుపే చేతిఫోనునందలి దిక్సూచి తీయుదురట. ఈశాన్యము పెరిగినదా, నైరృతి తగ్గినదా యని అరపూట వాదింతురు; కొళాయి త్రిప్పి నీరు వచ్చునో లేదో చూడరు. వసించుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది వాస్తు శబ్దము. వసించుటకు వలసినవి వెలుతురు, గాలి, నీరు, మురుగు పోవుదారి. వీనిని చూచుటయే వాస్తు చూచుట యని నేననుకొందును. 2024వ సంవత్సరము సెప్టెంబరు నెలలో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలగు పేటల నిండ్లను ముంచినపుడు, తూర్పు వాకిలిదని ఏ యింటిని నీరు విడువలేదు. కావున వానకాలమున నొకమాఱు, వేసవి సాయంకాల మొకమాఱు చూడుడు. చుట్టుప్రక్కల గృహిణుల నడుగుడు. నీరే వేళ వచ్చునో, ఏ వానకు వీధి మునుగునో వారికి తెలిసినంత అమ్మువానికి గూడ తెలియదు. మీ యింటి గృహిణిని వెంటబెట్టుకొని పొండు. పగలంతయు ఆ యింట పనిచేయవలసినవా రామె యైనచో, ఆమె చూడని ఇంటికి బయానా ఇచ్చుట అన్యాయము.

ఇక అమ్మువారికి. కొనువాడు సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టజాలని లోపమును, అది కట్టడమందైనను హక్కునందైనను, అమ్మువాడు చెప్పితీరవలెనని 1882 నాటి చట్టమే విధించుచున్నది. పగులునకు సున్నము పూసి చూపుట నేర్పు గాదు, వంచన. లోపమును ముందుగ చెప్పి ధర కొంత తగ్గించుకొన్నవానికి రాత్రి నిద్రపట్టును. దాచినవానికి వ్యాజ్యము పట్టును. ధరను రెండుగా జీల్చి, కొంత పత్రముపైనను కొంత సంచిలోను పుచ్చుకొను దురాచారము మన మధ్యతరగతిలో గూడ ప్రవేశించినది. స్థిరాస్తి విషయమున 20,000 రూప్యములు మొదలుకొని రొక్కముగ పుచ్చుకొనుట ఆదాయపు పన్ను చట్టమునకు విరుద్ధము. అంతేగాదు, విక్రయము చెడినచో సంచిలోని ధనమునకు సాక్ష్యము లేదు. “ఫలానా కులమువారికే అమ్ముదుము” అనువారిని గూడ నా మిత్రుడు తఱచు చూచుచున్నాడు. సభలలో సంస్కరణమును గూర్చి చప్పట్లు కొట్టి, ఇంటి తాళపుచెవి ఇచ్చునపుడు ఇంటిపేరు విచారించువారిని ఏమనవలెను?

అన్నిటికన్న ముఖ్యమైనది కడపట చెప్పుచున్నాను. నేను చదివిన వివాదపత్రములలో ఎక్కువభాగము ఇంటి యాడుబిడ్డల వ్రాలు లేకపోవుటవలన పుట్టినవి. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టముచే, వీలునామా లేక మృతుడైన తండ్రి స్వార్జితమునందు కూతురికిని కొడుకుతో సమానభాగము. పిత్రార్జితమునందు ఆంధ్రప్రదేశమున 1985లో అవివాహితలగు కుమార్తెలకును, 2005లో దేశమంతటను కుమార్తెల కందఱికిని హక్కు వచ్చినది. 2005 నాటికి తండ్రి జీవించియుండకపోయినను ఆ హక్కు చెల్లునని సర్వోన్నత న్యాయస్థానము 2020లో తేల్చినది. ఇన్ని జరిగినను మనవారు “ఆడపిల్ల లేమనుకొందురు, ఒక చీర పెట్టి వ్రాలు చేయింతము” అనుచునే యున్నారు. పదవీవిరమణధన మంతయు పెట్టి ఇల్లు కొన్న వృద్ధు డొకడు, అమ్మినవాని చెల్లెలు వేసిన దావాలో ఏండ్ల తరబడి తిరుగుచు, “ఆ యాడుది నా కొంప ముంచినది” అని నావద్ద వాపోయెను. ఆయన దుఃఖము నిజమైనది. కాని కొంప ముంచినది ఆమె గాదు. ఆమె నడుగక ఆమె భాగమును అమ్మినవాడు.

మా తండ్రిగారు 2019లో వీలునామా లేకయే స్వర్గస్థులైరి. తరువాత ఊరిలోని వారి స్వార్జితమగు ఇంటిని అమ్మవలసివచ్చినది. అమ్మకమును మా మిత్రుని చేతిలో బెట్టగా నాతడు నన్నడిగిన మొదటి ప్రశ్న ధరను గూర్చినది గాదు. “మీ యక్కయ్య వ్రాలు భాగమునకా, చీరకా?” అని యడిగెను. భాగమునకే యని చెప్పితిని. మా యమ్మ, అక్కయ్య, చెల్లెలు, నేను, ఇట్లు నాలుగు భాగములు. బంధువులు కొందఱు నన్ను వెఱ్ఱివానిగ జమకట్టిరి. మా యమ్మ మాత్రము, “మీ నాన్న ముగ్గురికిని ఒకే కంచమున కలిపి పెట్టెడివారు గదా” అని యూరకుండెను.

రిజిస్ట్రేషను నాడు మా యక్కయ్య పత్రము చదువక వ్రాలు చేయనన్నది. దస్తావేజులేఖరి గడియారము చూచుకొనుచుండెను. కొనువారు వసారాలో పచార్లు చేయుచుండిరి. ఆమె వ్రేలు పంక్తిపై నుంచి మెల్లగా చదువుచు, ఉత్తరపు హద్దువద్ద ఆగి, “తమ్ముడూ, నూతికి పోవు ఉమ్మడి సందు ఇందు లేదేమి?” అని యడిగినది. లేఖరి పాతపత్రమునుండి ప్రతి వ్రాయుచు ఒక పంక్తి విడిచినాడు. ఆ సందున బిందెతో పదునాఱేండ్లు నడిచినది గావున ఆమెకది జ్ఞాపకమున్నది. సందు చేరకున్నచో రేపు కొన్నవారికిని పొరుగువారికిని తగవు తప్పెడిది గాదు. పత్రము తిరుగ వ్రాయబడినది. కొన్న గృహస్థు మాకందఱికన్న ముందుగ ఆమెకు నమస్కరించెను. ఆనాడు ఆమె వ్రాలు ఇంటిలో నాలుగవవంతునే గాక, కొన్నవారి రాబోవు శాంతిని గూడ కాపాడినది.

చదువరులారా, ఇల్లు కొనునపుడును అమ్మునపుడును న్యాయవాదికి రుసుమిచ్చుటకు వెనుదీయకుడు. ఇంటి ధరలో నది లెక్కకు రాదు. కాని న్యాయవాదిపై వేసి మీరు కన్నులు మూసికొనకుడు. వ్రాలు చేయుటకు ముందొక రాత్రి ఆ పత్రపు చిత్తును ఇంటికి దెచ్చుకొనుడు. ఆడువారు, మగవారు, చదువుకొన్న పిల్లలు కూర్చుండి బిగ్గరగ చదువుడు. హద్దులను నాలుగుదిక్కుల చూపించుచు చదువుడు. బోధపడని మాటవద్ద ఆగి, బోధపడువఱకు ముందునకు పోకుడు. ఎవ్వరి పేరు ఉండవలసియు లేదో, ఎవ్వరి నడుగవలసియు అడుగలేదో ఆ రాత్రియే తేలును. అందుకు పట్టు వ్యయ మొక దీపపు వెలుతురు. పట్టని వ్యయము తరువాతి పదియేండ్ల కోర్టు ఖర్చులు.