గేరు పడ్తలేదు

మా ఆయన వెన్నుపూస జారి రెండు నెలలు మంచం పట్టిన 2013 వానాకాలంలో బండి నా చేతికి వచ్చింది. వచ్చింది అనడం కూడా సరికాదు. జామచెట్టు కింద కవరు కప్పుకుని ఉన్నదాన్ని నేనే బయటికి తీశాను. శ్రీరాంపూర్ నుంచి మంచిర్యాలకు ఆటోలు లేవని కాదు. బాయి షిఫ్టు దిగే వేళ ఆ ఆటోల్లో నలుగురు మగవాళ్ల మోకాళ్ల మధ్య ఇరుక్కుని, ఒళ్లో మందుల సంచీ పెట్టుకుని రావడం రెండు వారాలకే విసుగొచ్చింది.

నాకు బండి కొత్త కాదు. పదిహేడేళ్లప్పుడు మా అన్న వెంటపడి క్వార్టర్ల వెనక గ్రౌండులో నేర్చుకున్నాను. పెళ్లయ్యాక వెనక సీటుకు మారిపోయాను. ఎప్పుడు మారానో, ఎవరు మారమన్నారో గుర్తు లేదు. ఎవరూ అనలేదనుకుంటా.

మాది ఇక్కడ ప్రతి వాకిట్లో కనిపించే నాలుగు గేర్ల వంద సీసీ బండి. మునివేళ్లతో ముందుకు తొక్కితే గేర్లు పెరుగుతాయి, మడమతో తొక్కితే తగ్గుతాయి. మొదటిరోజే అవస్థ మొదలైంది. ఫస్ట్ గేరు 'టక్'మని పెద్ద చప్పుడుతో, కుదుపుతో పడేది. సెకండ్ పడిందనుకుని రేజ్ ఇస్తే ఇంజను అరిచేది, బండి కదిలేది కాదు. అన్నిటికంటే ఘోరం సీసీసీ మూలమలుపు దగ్గర. అక్కడ ఆగితే న్యూట్రల్ దొరికేది కాదు. క్లచ్ పట్టుకునే ఉన్నా బండి ముందుకు గునిసేది, బ్రేకు గట్టిగా తొక్కితే ఇంజను ఆగిపోయేది. వెనకనుంచి హారన్లు. ఒకతను పక్కనుంచి పోతూ, "అక్కా, స్కూటీ కొనుక్కోరాదు" అని సలహా ఇచ్చి మరీ వెళ్లాడు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన మంచంలోంచే తేల్చేశాడు. "నీకు గేరు ఎయ్యొస్తలేదు. కాలు గట్టిగ తొక్కు."

గట్టిగా తొక్కాను. బొటనవేలి గోరు నల్లబడింది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆ పిల్లవాడు బండి ఎక్కి వీధి చివరిదాకా పోయి వచ్చాడు. నా కళ్లముందే నాలుగు గేర్లూ సాఫీగా పడ్డాయి. "బండి మంచిగనే ఉన్నదక్కా. అన్నకు నయమైనంక తీస్కరమ్మను." మంచిర్యాలలో ఇంకో షాపువాడు బండి ఎక్కకుండానే గేర్‌బాక్స్ విప్పాలన్నాడు, నాలుగు వేలన్నాడు. నా బాధ ఆ నాలుగు వేల గురించి కాదు. ఆ పిల్లవాడి చేతిలో బండి నడిచింది, నా చేతిలో నడవలేదు. దానికి మించిన సాక్ష్యం ఏముంటుంది? నిజం చెప్పాలంటే నమ్మేశాను. పదిహేనేళ్లు వెనక కూర్చున్నదాన్ని, కాలు మర్చిపోయి ఉంటుంది అనుకున్నాను.

ఎదురు క్వార్టర్‌లో ఒక పెద్దమనిషి ఉండేవాడు. గనిలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. మేమంతా కాక అని పిలిచేవాళ్లం. ఒకరోజు వాకిట్లో నేను బండితో పడుతున్న తిప్పలు చూసి రోడ్డు దాటి వచ్చాడు. బండి ఎక్కలేదు. అది ఇప్పటికీ గుర్తుంది. అందరిలాగా 'జరుగు, నేను చూస్త' అనలేదు.

"ఇంజను బంద్ చెయ్యి బిడ్డా. బండిని ముందుకు ఎన్కకు ఊపుకుంట గేర్లెయ్యి."

వేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ మడమతో వెనక్కి. అన్నీ పడ్డాయి.

"గేర్‌బాక్స్ మంచిగున్నది. నీ కాలు గూడ మంచిగున్నది."

తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, నేను రోడ్డు మీద ఎట్లా పడతానో అట్లాగే క్లచ్ పట్టి ఫస్ట్ గేరు వెయ్యమన్నాడు. బండి మెల్లగా పాకింది. "ఇంకా గుంజు, పిడికిలికి ఆనాలె" అన్నాడు. రెండో చెయ్యి కూడా వేసి గుంజాను. అప్పుడు ఆగింది. ఇంజను ఆపించి క్లచ్ లివర్ చివర వేలు పెట్టి ఊపి చూపించాడు. వైరు బిగిసేలోపే లివర్ అంగుళంన్నర దాకా ఉత్తగా ఆడుతోంది. ఉండాల్సింది ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు.

ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెప్తాను. క్లచ్ పట్టామంటే ఇంజనుకూ గేర్లకూ మధ్య ఉన్న ప్లేట్లు విడిపోవాలి. లివర్‌లో ఉత్త ఆట ఎక్కువైతే, మన పట్టులో సగం ఆ ఆటకే పోతుంది. ప్లేట్లు పూర్తిగా విడిపోవు, ఇంజను గేర్లను ఇంకా తిప్పుతూనే ఉంటుంది. అట్లా తిరుగుతున్న గేరును మార్చబోతే టక్కున కొడుతుంది, మధ్యలో జారుతుంది, న్యూట్రల్ దొరకదు. ఇంజను ఆపితే మాత్రం హాయిగా పడుతుంది. అప్పుడు కాలితో తన్నడం అన్నిటికంటే చెడ్డ పని. లోపల గేర్లను జరిపే ఫోర్కు వంగితే అప్పుడు నిజంగానే ఇంజను విప్పాలి.

మరి మెకానిక్ పిల్లవాడికి ఎట్లా పడ్డాయి? మా ఆయనకు ఇన్నాళ్లూ ఎట్లా పడ్డాయి? వాళ్ల వేళ్లు పొడుగు. లివర్‌ను పిడికిలి దాకా గుంజేస్తారు. ఆ ఆఖరి అర అంగుళంలో క్లచ్ విడిపోయేది. నా చెయ్యి అక్కడిదాకా పోయేది కాదు. వైరు ఏళ్లకేళ్లు సాగుతూ వచ్చింది, ఆయన చెయ్యి దానితోపాటు అలవాటు పడుతూ వచ్చింది. తప్పు వైరుది. కానీ అది బయటపడింది నా చేతిలో కాబట్టి నా తప్పయింది.

కాక చిన్న పానా నా చేతికిచ్చి ఇంజను దగ్గరి నట్టు నాతోనే తిప్పించాడు. "ఆట మొత్తం తియ్యకు, క్లచ్ జారి ప్లేట్లు కాల్తయి" అన్నాడు. వైరు ఊడదీస్తే బొగ్గు దుమ్ము, వాన తడి కలిసి నల్లటి మట్టిలా కారింది. నూనె చుక్కలు పోశాం. ఇంజన్ ఆయిల్ కూడా మార్చాను. ఈ బండ్లలో ఇంజనుకూ క్లచ్‌కూ గేర్లకూ ఒకటే ఆయిల్, లీటరుకు కాస్త తక్కువ పడుతుంది. అదింత పాతబడితే ప్లేట్లు అతుక్కుంటాయి. ఇంకా రెండు మాటలు చెప్పాడు. గేరు రాడ్ వదిలాక తిరిగి పైకి రాకపోతే స్ప్రింగు చూడాలి, ఉత్తగా ఊగుతుంటే బోల్టు చూడాలి. వేసిన గేరు దానంతటదే ఊడిపోతుంటే మాత్రం బయట చేసేదేమీ లేదు, విప్పాల్సిందే.

మర్నాడు సీసీసీ దగ్గర ఆగినప్పుడు పచ్చ లైటు వెలిగింది. చెయ్యి వదిలేసి చున్నీ సరిచేసుకున్నాను.

అప్పటికి నా లైసెన్సు 'గేరు లేని మోటార్ సైకిల్'ది. ఆ నెలంతా చట్టరీత్యా తప్పే చేశాను, తర్వాత పరీక్షకు వెళ్లి గేరు ఉన్నదాన్ని చేర్పించుకున్నాను. మా ఇళ్లల్లో మగపిల్లలకు రెండోది, ఆడపిల్లలకు మొదటిది అని ఎవరూ రాసిపెట్టలేదు. కానీ అట్లాగే తీసుకుంటాం. రాసిపెట్టినవీ ఉన్నాయి. 1989 మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రానికి అడ్డు ఉండాలంటుంది. మంచి నిబంధనే, ప్రాణాలు కాపాడింది. అందరం దాన్ని చీర గార్డు అనే పిలుస్తాం. ఇక మా చుట్టూ ఉన్న బాయిల సంగతి. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లను భూమి లోపలికి దిగనివ్వలేదు. 2019లో గానీ సడలించలేదు. అదీ పగటిపూట, సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ ఉద్యోగాలకు. అది అయ్యేనాటికి కాక లేడు. ఉంటే ఏమనేవాడో అడిగేదాన్ని.

మూడో నెలలో మా ఆయన లేచి తిరగడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం బండి తీసుకుని వీధి చివరిదాకా పోయి, మూడుసార్లు ఇంజను ఆపుకుని తిరిగొచ్చాడు.

"క్లచ్ ఎవలు మార్చిన్రు? చెయ్యి మొత్తం ఇడిస్తె గని కదుల్తలేదు. నాకు కుదుర్తలేదు."

"రెండు దినాలల్ల అలవాటైతది," అన్నాను.