ఆ 18 ఎక్కడెక్కడ ఉంది?

ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ కనబడగానే పైవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "మన ఆర్కిటెక్చర్ డెట్ ఎంతండీ? ఒక అంకె చెప్పండి." తొందరలో తొక్కిన అడ్డదారులకు తర్వాత తీర్చాల్సిన అప్పన్నమాట. అంకె చెప్పొచ్చు. ఎరుపు, పసుపు, పచ్చ రంగులేసి మార్కులిచ్చే టూల్స్ బోలెడున్నాయి. నాకు వాటిమీద గురి లేదు.

వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం పన్ను ఎత్తేయాలని జీఎస్టీ కౌన్సిల్ 2025 సెప్టెంబర్ 3న నిర్ణయించింది. అమలు అదే నెల 22 నుంచి. అప్పుడు నేనొక బీమా సంస్థకు పనిచేస్తున్నాను. వినడానికి ఒక అంకె మార్చడమే. వెతికితే ఆ 18 పాలసీ సిస్టమ్‌లో ఉంది, రెన్యువల్ నోటీసులో ఉంది, వెబ్‌సైట్ కాలిక్యులేటర్‌లో, ఏజెంట్ల యాప్‌లో, బ్యాంకులకు రాత్రిపూట వెళ్లే ఫైల్లో, ఆఖరికి అకౌంట్స్‌వాళ్ల ఎక్సెల్ షీట్లో కూడా ఉంది. అన్నిచోట్లా సున్నా పెట్టేద్దామా అంటే, గ్రూప్ పాలసీలకు పన్ను అలాగే ఉంది. కొన్ని ప్రోగ్రాముల్లో రెండింటికీ కలిపి ఒకటే లైను!

నేను కొలిచేది దీన్నే. ఒక చిన్న మార్పును పట్టుకుని దాని వెంటే పోతాను. ఎన్ని సిస్టమ్‌లు కదపాలి, ఎన్ని టీమ్‌లు ఒప్పుకోవాలి, ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగుతుంది, ఒక్కరికే తెలిసిన మెలిక ఎక్కడుంది.

1992లో ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ ఈ అప్పు మాట అన్నది ప్రోగ్రామ్ కోడ్ గురించి. అక్కడ అప్పు చేసిన టీమే చాలావరకు వడ్డీ కడుతుంది. సంస్థ మొత్తానికొస్తే అలా కాదు. మార్చిలోపు కొత్త ప్లాన్ రావాలని సేల్స్‌వాళ్లు తొందరపెడతారు, రేటు కోడ్‌లోనే రాసేస్తారు. ఇన్సెంటివ్ వాళ్లకి. ఏళ్ల తర్వాత "నోటీసులో ఒకలా, యాప్‌లో ఇంకోలా ఉందేంటమ్మా?" అని కస్టమర్ కసిరేది కాల్ సెంటర్ అమ్మాయిని. నోటు లేని చేబదులు ఇది.

అందుకే నోటు రాయిస్తాం. ఆర్కిటెక్టులు పాటించే టోగాఫ్ పద్ధతిలో దీని పేరు డిస్పెన్సేషన్, అంటే ప్రమాణం తప్పడానికి గడువు పెట్టి ఇచ్చే అనుమతి. దానిమీద సంతకం అడిగిన విభాగంవాళ్లే పెట్టాలని నా పట్టు. ఐటీ సంతకం చాలదు.

ముందు ఏది తీర్చాలన్నది వేరే గొడవ. ప్రీమియం కట్టడం అయిపోయిన పాత పాలసీలు ఒక కోబాల్ సిస్టమ్‌లో ఉన్నాయి. దాన్ని చూస్తే కుర్ర ఇంజినీర్లకు చేతులు దురద. అక్కడ మార్పులే రావు, నేను దాని జోలికి పోను.

పన్ను రేట్లన్నీ ఒకేచోట ఉండే మాస్టర్‌కి మాత్రం బడ్జెట్ అడిగాం. "ఇది ఐటీ ఖర్చు కదండీ," అన్నారు ప్రోడక్ట్ హెడ్. సెప్టెంబర్‌లో ఆయన మనుషులకు పోయిన పనిదినాల లెక్క ముందు పెట్టాం. సగం భరించడానికి ఒప్పుకున్నారు. మిగతా సగం మీద వాదన ఇంకా నడుస్తోంది.