ఒకే మూలలో రెండు లెక్కలు

పోయిన నెల పీటీఎంలో మా అమ్మాయి మ్యాథ్స్ టీచర్ ఆన్సర్ షీట్ నా ముందు పెట్టి, "కాన్సెప్ట్ అంతా వచ్చు సార్, సిల్లీ మిస్టేక్స్ వల్లే మార్కులు పోతున్నాయి" అన్నారు. 40కి 31 వచ్చాయి. ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. గేటు దాటి బండి స్టార్ట్ చేయకముందే నేను మొదలుపెట్టాను. "అన్నీ వచ్చి కూడా తప్పెట్ల రాస్తవ్? ఈ కేర్‌లెస్ ఎప్పుడు పోతది నీకు?" సాగర్ రోడ్డు ఎక్కేదాకా ఆపలేదు. ఎనిమిదో తరగతి పిల్ల, వెనక కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ మాత్రం అంది: "డాడీ, నేను కావాలని చేస్తనా? తప్పు ఎక్కడ పోతుందో నాకు కూడా తెల్వదు."

సరిగ్గా ఇదే మాట నాలుగేళ్ల కింద మా ఆఫీసులో ఒక కుర్రాడు నాతో అన్నాడు. అప్పుడు కూడా నేను వినలేదు. ఆ సంగతి ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి మా అమ్మాయికి చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. అయితే యాప్‌లు, వెబ్‌సైట్లు చేసే పని కాదు నాది. చిన్న చిన్న మెషీన్ల లోపల ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ రాసే పని. అప్పట్లో మా టీం పాల సేకరణ కేంద్రాల్లో వాడే మెషీన్ చేసేది. రైతు పాలు తెస్తే తూకం, వెన్న శాతం, రేటు లెక్కగట్టి చీటీ ఇచ్చే మెషీన్ అది. పొద్దున ఆరింటికి క్యాన్ పట్టుకుని లైన్‌లో నిలబడే రైతులను ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో మీరూ చూసే ఉంటారు. వాళ్ల చేతికొచ్చే ఆ చిన్న చీటీయే మా పని.

ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా లోపల ఉండేది కెర్నెల్. మెమరీ ఎవరికివ్వాలి, ప్రాసెసర్ ఎవరు వాడాలి అని పంచేది అదే. దాని మీద సీ లైబ్రరీ ఉంటుంది. అంకెను అక్షరాలుగా మార్చడం, టైమ్ చెప్పడం, మెమరీ అడగడం లాంటి రోజువారీ పనులన్నీ అందులో రెడీగా ఉంటాయి. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఇదే అమరిక. కింద లైనక్స్ కెర్నెల్, దాని మీద బయోనిక్ అనే సీ లైబ్రరీ.

మా పాత మెషీన్ చిప్‌లో ఒకటే కోర్ ఉండేది. ఒక పని అయ్యాకే ఇంకో పని. తర్వాత రెండు కోర్ల చిప్ వచ్చింది. ఒక పక్క చీటీ ప్రింట్ అవుతుండగానే ఇంకో పక్క వివరాలు సర్వర్‌కి పోవాలన్నారు. ఇలా ఒకేసారి నడిచే పనులను థ్రెడ్‌లు అంటాం. ఎన్ని థ్రెడ్‌లు ఒక్కసారిగా వచ్చి పడ్డా లెక్క తప్పకుండా ఉండడమే థ్రెడ్ సేఫ్టీ. మా కెర్నెల్‌ను, సీ లైబ్రరీని అలా మార్చే బాధ్యత నాకు ఇచ్చారు.

అందులో కష్టం ఏముందో మా అమ్మాయికి స్కూల్ గేటుతో చెప్పాను. గేటు దగ్గర బోర్డు మీద వచ్చిన బస్సుల లెక్క 40 అని రాసి ఉందనుకోండి. రెండు గేట్ల నుంచి ఒకేసారి రెండు బస్సులు వచ్చాయి. ఇద్దరు వాచ్‌మన్‌లూ బోర్డు చూశారు. ఇద్దరికీ 40 కనబడింది. ఒకరు చెరిపి 41 రాశారు. రెండో ఆయన కూడా చెరిపి 41 రాశారు. బస్సులు వచ్చింది రెండు, లెక్క పెరిగింది ఒకటి. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు, కానీ లెక్క తప్పింది. బస్సులు ఒక నిమిషం తేడాతో వస్తే ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు. కంప్యూటర్‌లో దీన్ని రేస్ కండిషన్ అంటారు.

2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. చెట్లు తగిలి లైన్లు ట్రిప్ కావడంతో అది మొదలైంది. కానీ ఆ సంగతి చెప్పాల్సిన కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ అప్పటికే ఆగిపోయి ఉంది. తర్వాత వెతికితే తేలిన కారణం రేస్ కండిషన్. అలారం మోగకపోవడంతో అంతా బాగానే ఉందని అక్కడివాళ్లు అనుకున్నారు.

దీనికి మందు తాళం. ఒకరు బోర్డు ముట్టుకున్నప్పుడు ఇంకొకరు ఆగాలి. ఇది మా ఇంట్లో కొత్త విషయమేమీ కాదు. మా తాత పెద్ద చెరువు కింద నీరటి పని చేశాడు. తూము తెరిచేది, మూసేది ఆయనే. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పోవాలో వంతు ప్రకారం వదిలేవాడు. ఎవరికి వాళ్లు కాలువ తిప్పుకుంటే పై మడి మునిగి కింది మడి ఎండుతుంది. అందుకే ఊరికి ఒక నీరటి.

మేమూ మొదట అదే చేశాం. మొత్తం కెర్నెల్‌కి ఒకే పెద్ద తాళం. లోపలికి ఒక కోర్ వెళ్తే రెండోది బయట నిలబడాలి. లైనక్స్ కూడా ఇలాగే మొదలైంది. 1996లో వచ్చిన 2.0 వెర్షన్‌లో పెట్టిన ఆ పెద్ద తాళాన్ని పూర్తిగా తీసేసింది 2011లో, 2.6.39 వెర్షన్‌లో. ప్రపంచం నలుమూలల ఇంజనీర్లు పనిచేసినా 15 ఏళ్లు పట్టింది. ఎందుకంటే ఒకే తాళం ఉంటే భద్రమే కానీ రెండు కోర్లు ఉండి లాభం ఉండదు. ప్రతి కాలువకీ వేరే తాళం కావాలి. తాళాలు ఎక్కువయ్యేకొద్దీ కొత్త చిక్కు వస్తుంది. ఒకరి దగ్గర మోటారు తాళంచెవి, ఇంకొకరి దగ్గర పైపులు. నువ్వు ముందు ఇస్తేనే నేనిస్తా అని ఇద్దరూ కూర్చుంటే పొలం తడవదు. దీన్ని డెడ్‌లాక్ అంటాం. ఏ తాళం ముందు తీయాలి, ఏది తర్వాత అని ఒక వరుస పెట్టుకుని అందరూ దానికే కట్టుబడితే ఈ చిక్కు రాదు. మేమూ ఆ వరుసను ఒక చార్ట్ మీద రాసి గోడకు అంటించాం.

కెర్నెల్ అయ్యాక సీ లైబ్రరీ. అక్కడ సమస్య వేరు. పాత లైబ్రరీలో చాలా ఫంక్షన్లు తమ జవాబును తమ దగ్గరే ఒక చిన్న చోట రాసిపెట్టి, "అక్కడుంది, చూసుకో" అంటాయి. లోకల్‌టైమ్ అనే ఫంక్షన్ అలాంటిదే. ఒకరు అడిగి, జవాబు చదువుకునేలోపు ఇంకొకరు అడిగితే, మొదటి జవాబు మీదే రెండోది రాసేస్తుంది. ఇక్కడ తాళం వేసినా చాలదు. తాళం తీసుకుని వెళ్లిపోయాక కూడా జవాబు ఆ చోటే ఉంటుంది కదా. 1995లో వచ్చిన పోసిక్స్ థ్రెడ్‌ల ప్రమాణం దీనికి దారి చూపింది. ఇలాంటి ఫంక్షన్లకు చివర ఆర్ అక్షరం చేర్చి కొత్త రూపాలు ఇచ్చింది. జవాబు ఎక్కడ రాయాలో అడిగినవాళ్లే చోటు తెచ్చుకోవాలి. ఎవరి కాగితం వాళ్లదే.

నేను లైబ్రరీలో ఉన్న ఫంక్షన్లన్నీ లిస్టు రాసి ఒక్కొక్కటీ చూసి టిక్ పెట్టాను. దశాంశ అంకెను అక్షరాలుగా మార్చే ఫంక్షన్ ఒకటి ఉంది. అది ఐదేళ్ల కింద నేను రాసిందే. నేను రాసిందే కదా అని తెరిచి చూడకుండా టిక్ పెట్టేశాను.

టెస్టులన్నీ పాస్ అయ్యాయి. మెషీన్లు ఊళ్లకు వెళ్లాయి.

రెండు నెలలకు ఒక ఊరి నుంచి ఫిర్యాదు వచ్చింది. బర్రె పాలు పోసిన రైతుకు వెన్న 6.8 రావాల్సింది, చీటీలో 4.1 అని వచ్చింది. వేల చీటీల్లో ఒకటి. రైతులు మెషీన్‌ను అనుమానించలేదు. కేంద్రం నడిపే ఆవిడను అనుమానించారు. ఆమెను పక్కన పెట్టి విచారణ చేశారని మాకు తర్వాత తెలిసింది.

చీటీ ప్రింట్ చేసే కోడ్ రాసింది మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలోనే చదివాడు. అందరి ముందు అతన్ని నిలబెట్టి, "ఇంత కేర్‌లెస్‌గా ఎలా రాస్తావ్?" అన్నాను. "సార్, ఎక్కడ తప్పు పోతుందో నాకు కూడా తెలీట్లేదు. ఒక్కసారి లైబ్రరీ కూడా చూద్దామా?" అన్నాడు. "ఆ లైబ్రరీ ఐదేళ్ల నుంచి నడుస్తోంది. నీ కోడ్ వచ్చి రెండు నెలలే అయింది" అన్నాను.

మూడు వారాలు వెతికాం. తప్పు ఎక్కడుందో చూడ్డానికి మధ్యమధ్యలో ప్రింట్ లైన్లు పెడితే తప్పు రావడమే ఆగిపోయింది. ఆ లైన్ల వల్ల నడిచే వేగం మారి, రెండు థ్రెడ్‌లు ఎదురుపడడం తప్పిపోయింది. లైన్లు తీసేస్తే మళ్లీ వచ్చింది. చివరికి ఆ కుర్రాడు ఎవరికీ చెప్పకుండా ఒక రాత్రి కూర్చుని చిన్న టెస్ట్ రాశాడు. రెండు థ్రెడ్‌లు. ఒకటి ఎప్పుడూ 4.1నే మార్చమని అడుగుతుంది, రెండోది ఎప్పుడూ 6.8నే. తమకు తమ అంకే తిరిగి వచ్చిందా అని చూసుకుంటూ ఆపకుండా తిరుగుతాయి. నిమిషం గడవకముందే ఆగిపోయింది. 6.8 అడిగినదానికి 4.1 వచ్చింది.

అది నా ఫంక్షన్. పాత మెషీన్‌లో ఒకటే పని నడిచేది కాబట్టి ఐదేళ్లు ఎప్పుడూ తప్పలేదు. అది సరైనది కావడం వల్ల కాదు, రెండో మనిషి ఎదురుపడకపోవడం వల్ల. సరిచేయడానికి పట్టింది ఆరు లైన్లు, ఒక పూట.

మర్నాడు మీటింగ్‌లో తప్పు నాదని చెప్పాను. అతనికి సారీ చెప్పాను, అందరి ముందే. అన్నది అందరి ముందు కదా. పాల కేంద్రం ఆవిడకు మా తరఫున కారణం రాసి పంపించాం. ఆమెను తిరిగి తీసుకున్నారు. ఆ కొన్ని రోజులు ఊళ్లో ఆమె ఎన్ని మాటలు పడిందో మాత్రం ఏ ఉత్తరమూ సరిచేయలేదు.

కథ అంతా విన్నాక మా అమ్మాయి, "మరి నా పేపర్ ఎవరు చూస్తరు?" అంది. ఇద్దరం కూర్చుని చూశాం. తప్పులు ఐదు. సమాధానాలు కాదు, ఆ తప్పు అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో వెతికాం. అదే పేపర్‌లో కుడి పక్క కింద చిన్న మూల ఉంది. కాగితం వృథా కాకూడదని ఏడో లెక్క, ఎనిమిదో లెక్క, తొమ్మిదో లెక్క రఫ్ వర్క్ అంతా ఆ మూలలోనే చేసింది. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి. ఎనిమిదో లెక్కలో రాసిన 56, ఏడో లెక్క రఫ్‌లోది. ఐదు తప్పుల్లో నాలుగు అలాంటివే. అచ్చం నా ఫంక్షన్ చేసిన పనే.

కాగితం వృథా చేయొద్దని చిన్నప్పటి నుంచి చెప్పింది నేనే. ఆ సంగతి కూడా ఆమెతో ఒప్పుకున్నాను.

ఇప్పుడు ప్రతి లెక్కకూ పక్కన ఒక గీత గీసుకుని, ఆ లెక్క రఫ్ అక్కడే చేస్తోంది. మొన్నటి స్లిప్ టెస్ట్‌లో ఒక తప్పు వచ్చింది. అది నిజంగా ఫార్ములా తెలియక పోయింది. దాన్ని టీచర్‌ని అడిగి నేర్చుకుంది.

మార్కులు పెంచే చిట్కా చెబుదామని ఇది రాయలేదు. ఆన్సర్ షీట్ ఇంటికి వచ్చినప్పుడు నేను మొదట చూసేది మార్కు. తర్వాత అనేది కేర్‌లెస్. ఆ మాట అన్నాక ఇక వెతకడం ఆగిపోతుంది. మా ఆఫీసులో ఆ మాట వల్లే మూడు వారాలు పోయాయి, ఒక మంచి కుర్రాడు మాట పడ్డాడు, మేం ఎన్నడూ చూడని ఒక ఆవిడ ఊళ్లో తల దించుకుంది. వచ్చే పీటీఎంలో మీకు పేపర్లు ఇచ్చినప్పుడు, వీలైతే ఒక పావుగంట పిల్లల పక్కన కూర్చుని, ఆ తప్పు అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లతో కలిసి వెతకండి. కొన్నిసార్లు అది మనం రాసిన పాత లైన్‌లోనే దొరుకుతుంది.