మెట్టసీమ కౌలు – జింక వేట

బెజవాడనుండి హైదరాబాదునకు పోవు రాజమార్గమున కంచికచెర్ల దాటి, కీసరయొద్ద మునియేటి వంతెన గడచినచో మెట్టసీమ కన్నులయెదుట పఱచుకొనును. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు కొన్ని పొలముల కందినను, డెల్టాలోని పచ్చదన మిచట కానరాదు. ప్రత్తిచేలు, మిరపతోటలు, నడుమ తుమ్మచెట్లు, రాతిదిబ్బలు, చిట్టడవులు! నందిగామ, చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట చేరవచ్చును. 2022లో జిల్లాలు మారినప్పటినుండి యీ సీమ ఎన్టీఆర్ జిల్లాలో నున్నది.

జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. జమీందారగు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తండ్రి జగ్గయ్యగారి పేర దీనిని పేటగా నెలకొల్పిరి. ఇచటి బౌద్ధస్తూపమున దొరకిన చక్రవర్తి శిల్పము మాంధాతదని పండితు లందురు. భూమి యంతయు నేలియు తృప్తిచెందని రాజు మాంధాత. భూమి మనదైనంతమాత్రమున దానిపై మన హక్కెంతవఱకు? ఈ ప్రశ్నకు తగిన తావే యిది.

ఇచట పొలమును మిరపకు, ప్రత్తికి కౌలున కిత్తురు. సున్నపురాతికై గనుల కిత్తురు. ఆడుబిడ్డకు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన పొలమును, అత్తవారియూర నున్న యామె పేరనే కౌలున కిచ్చుట కలదు. మఱి వేటగానికి కౌలిచ్చుట యెక్కడనైన కలదా?

కలదు. అమెరికాలోని టెక్సాసున భూస్వాములు జింకలవేట ఋతువునకు తమ భూములను సొమ్ము పుచ్చుకొని వేటగాండ్ర కిత్తురు. అచటి దేశవాళి జింక ప్రజల సొత్తే. కౌలు భూమిపై నడుగిడుటకు మాత్రమే. ఆ రాబడికై కొందఱు పొదలను దున్నక నిలుపుదురు. అది యా పద్ధతిలోని మేలు. మన కృష్ణజింకను గూడ 1932 ప్రాంతమున నచటికి కొనిపోయిరి. పరదేశపు మృగ మగుటచే దాని వేటకు ఋతునియమ మైనను లేదు.

అదే కృష్ణజింక, మనవా రిఱ్ఱి యనునది, ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి మొదటి షెడ్యూలున స్థాన మిచ్చినది. చంపుటయే కాదు, ఉచ్చు పన్నుట, ఎరవేయుట, తఱుముట గూడ చట్టదృష్టిలో వేటయే. శిక్ష మూడేండ్లకు తక్కువ గాని, ఏడేండ్లవఱకు పోగల కారాగారము; 2022 నాటి సవరణ ప్రకారము జుల్మానా 25,000 రూపాయలకు తక్కువ కాదు. నేరమునకు తోడ్పడినవారును నేరస్థులే. కావున తెలిసి తెలిసి వేటకై పొల మిచ్చిన యజమానురాలు, తుపాకి ముట్టకున్నను, తప్పించుకొనజాలదు.

పైరు పోగొట్టుకొన్న రైతు కష్టము చిన్నది కాదు. మొలకలను మృగములు మేసిన యేట కౌలుదారు కౌలెట్లు తీర్చును? రాత్రి కాపునకు మనిషిని పెట్టుట, కంచె వేయుట, నష్టమును అటవీశాఖవారికి వెంటనే తెలుపుట, అవసరమైనచో కౌలు కొంత తగ్గించుట: ఇవి సరియైన దారులు. అంతేకాని, “మీకు పైరు దక్కును, మాకు మాంసము దక్కును” అని వచ్చువాని మాట వినరాదు.

కౌలుకాగితముపై వ్రాలు చేయుటకు ముందు దానిని చదివించుకొనుడు. పొలములో వేటకు గాని, ఉచ్చులకు గాని తావీయరాదని యందొక పంక్తి వ్రాయించుడు. పంట కౌలుదారునిది, నేల మీది. ఆ నేలపై పరువిడు జింక మాత్రము మీ యిరువురి సొత్తును గాదు.