తడిసిన పంచె, పసుపు దారం

ఈసారి వంట గురించి కాదు, పండగ గురించి కాదు. గాలం కర్ర గురించి రాస్తున్నాను. చేపలు పట్టని వాళ్ళు కూడా చదవండి. నాకు ఇందులో ఒక మంచి మాట దొరికింది.

మా తాతకి ఎనభై దాటాయి. డర్బన్ తీరంలో చిన్నప్పటి నుంచి గాలం వేస్తున్నాడు. ఇక్కడ అందరికీ ఇష్టమైన చేప షాడ్. అక్టోబరు, నవంబరు నెలల్లో దాన్ని పట్టకూడదు. డిసెంబరు 1న మళ్ళీ మొదలవుతుంది. ఆ రోజు తెల్లవారకముందే తీరం నిండా జనం ఉంటారు.

పోయిన డిసెంబరులో తాత కూడా వచ్చాడు. చీకట్లో లైనుని ఒక్కో రింగులోంచి ఎక్కిస్తున్నాడు. కర్ర నలుపు, రింగులు నలుపు, వాటిని కట్టిన దారం కూడా నలుపే. ఒక రింగు దగ్గర లైను కర్ర చుట్టూ తిరిగింది. తాతకి కనిపించలేదు. మొదటి విసురుకే లైను ఠప్పుమని తెగింది. సీసం, గాలం, ఎర అన్నీ సముద్రంలో పడ్డాయి.

"నేను ఎక్కిస్తాను తాతా" అన్నాను.

"నాకు చేతులు లేవా?" అన్నాడు. ఆ తరవాత రెండు నెలలు తీరానికి రాలేదు.

అందుకే ఈ ఏడు అతని కర్రకి దారాలు మార్చాలనుకున్నాను. ప్రతి రింగు దగ్గరా పసుపు దారం, దాని అంచున తెల్ల దారం. మసక వెలుతురులో కూడా రింగు ఎక్కడుందో తెలియాలి.

పాత దారం తియ్యడం సులువే. రింగుకి కింద ఇనప పాదం ఉంటుంది. బ్లేడుతో ఆ పాదం మీదే కొయ్యాలి. పక్కకి జారితే కర్రకి గాటు పడుతుంది, తరవాత అక్కడే విరుగుతుంది. కొత్త పసుపు నైలాన్ దారం చుట్టాను. పోగు పక్కన పోగు, సందు లేకుండా. చామంతి పువ్వులా మెరిసింది. పైన ఎపాక్సీ పూశాను. కర్రని నెమ్మదిగా తిప్పుతూ ఉంచాను, లేకపోతే ఎపాక్సీ కిందికి జారి గడ్డ కడుతుంది.

అరగంటలో పసుపు పోయింది. పాచి పట్టిన గోడలా ముదురు ఆకుపచ్చ అయింది. తెల్ల దారం అయితే మురికి బూడిద రంగు.

దారం పాడైందని అనుకున్నాను. తాతకి చూపించాను. కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి నవ్వాడు.

"తడిసిన పంచెరా ఇది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. గుడి పండగలో మగవాళ్ళు స్నానం చేసి తడి పంచెతో వస్తారు కదా. పొడి పంచె తెల్లగా ఉంటుంది. తడిస్తే లోపల ఉన్నదంతా కనిపిస్తుంది. "పంచె రంగు ఎక్కడికీ పోలేదు. దాని చాటు పోయింది."

సరిగ్గా అదే జరిగింది. పొడి దారంలో సన్నని పోగుల మధ్య గాలి ఉంటుంది. వెలుతురు ఆ పోగులకి తగిలి మన కంటికి తిరిగి వస్తుంది. ఎపాక్సీ ఆ సందులన్నీ నింపేస్తే దారం గాజులా అవుతుంది. వెలుతురు దాన్ని దాటి కింద ఉన్న నల్ల కర్ర దాకా పోతుంది. నలుపు దాన్ని మింగేస్తుంది. అదే దారం తెల్ల కర్ర మీద చుట్టి ఉంటే ఇంత ముదిరేది కాదు.

మళ్ళీ కోశాను. ఈసారి ముందు ఒక విరిగిన కర్రముక్క మీద చూసుకున్నాను. మూడు పద్ధతులు.

ఒకటి, కలర్ ప్రిజర్వర్. పాలలా ఉండే ద్రవం. ఎపాక్సీకి ముందు పూస్తే పోగుల్లోకి అదే దిగి, ఎపాక్సీకి దారి మూస్తుంది. మొదటిసారి నాకు తొందర ఎక్కువైంది. ఒక్క పూత వేసి, సరిగా ఆరకముందే ఎపాక్సీ పెట్టాను. చిరుతపులిలా మచ్చలు వచ్చాయి. మూడు పూతలు వేసి, రాత్రంతా ఆరబెడితే రంగు నిలిచింది. కానీ ఒక నష్టం ఉంది. ఎపాక్సీ దారంలోకి దిగదు కాబట్టి పట్టు తగ్గుతుంది.

రెండు, కింద ఒక వరస తెల్ల దారం చుట్టి దాని మీద పసుపు చుట్టడం. రంగు బాగా మెరుగుపడింది. కానీ కట్టు లావైంది, బరువు కూడా పెరిగింది.

మూడు, ఎన్‌సీపీ దారం. ప్రిజర్వర్ అవసరం లేకుండా తయారు చేసిన దారం. ఎపాక్సీ పూసినా లోపలి నలుపు కనిపించదు. రంగు కొంచెం ముదురుతుంది, మామూలు నైలాన్‌కి ఉండే మెరుపు ఉండదు. సుద్దముక్కలా ఉంటుంది.

అందం కావాలంటే మొదటిది. కానీ తాత విసిరితే ఆ పొడుగు కర్ర విల్లులా వంగుతుంది. రింగు కదలకూడదు. అందుకే రింగులన్నిటికీ ఎన్‌సీపీ దారమే వాడాను. పిడి దగ్గర అలంకారానికి వేసిన పట్టీకి మాత్రం ప్రిజర్వర్ పూశాను. అక్కడ బరువు పడదు.

దారం కొనేటప్పుడు తాత పరీక్ష ఒకటి చెప్పాడు. వేలు తడి చేసి, నల్లని దాని మీద చుట్టిన దారాన్ని ముట్టుకో. తడిలో ఎలా కనిపిస్తుందో ఎపాక్సీలో దాదాపు అలాగే ఉంటుంది. ఈ మాట ముందే అడిగి ఉంటే ఒక వారం మిగిలేది.

నేను తెలుగు పుస్తకాలతో నేర్చుకున్నాను. "పారదర్శకం" అనే మాట నాకు తెలుసు, రాయగలను కూడా. తాతకి ఆ మాట తెలియదు. కానీ "చాటు పోయింది" అన్నాడు, నాకు మొత్తం అర్థమైంది. చాటు అంటే అడ్డం, మరుగు. నా నోటుబుక్కులో రాసుకున్నాను.

డిసెంబరు 1న నాలుగు గంటలకి తీరానికి వెళ్ళాం. నేను దూరంగా నిలబడ్డాను, సాయం చెయ్యడానికి చేతులు లేవకుండా జేబుల్లో పెట్టుకున్నాను. తాత లైను పట్టుకుని పసుపు నుంచి పసుపుకి వెళ్ళాడు. ఎనిమిది రింగులు. ఒక్కటీ తప్పలేదు.

ఆ ఉదయం మాకు చేప పడలేదు. ఇంటికి వస్తూ తాత అన్నాడు, "రేపు కూడా లేపు."