ఎనిమిదవ పుస్తకం

హ్యారీ పోటర్ కథ 2007 జూలై 21న వెలువడిన ఏడవ పుస్తకంతో ముగిసింది. ముగిసిందనే దానిని చదివిన వాళ్ళందరం అనుకున్నాం. తొమ్మిదేళ్ళ తరువాత, 2016 జూలై 31న, ‘హ్యారీ పోటర్ అండ్ ది కర్స్‌డ్ చైల్డ్’ అనే పేరుతో ఎనిమిదవ కథ వచ్చింది. ఇది నవల కాదు. లండన్‌లోని ప్యాలెస్ థియేటర్‌లో ప్రదర్శించిన నాటకపు ప్రతి. జె.కె. రౌలింగ్, జాన్ టిఫనీ, జాక్ థోర్న్ కలిసి కథను అల్లగా, థోర్న్ దానికి నాటకరూపం ఇచ్చాడు. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళప్పుడు మొదలుపెట్టి వేసవికొక పుస్తకం చొప్పున, ఇషా నమాజు తరువాత అరగంటసేపు, ఏడు వేసవులు మేమిద్దరం ఆ కథ చదువుకున్నాం. పదిహేనేళ్ళవాడైన తరువాత ఎనిమిదవదానిని తానొక్కడే రెండు రోజుల్లో పూర్తిచేసి, “అబ్బా, ఇందులో హ్యారీ లేడు” అన్నాడు. నాటకమంతటా హ్యారీ ఉన్నాడు. అయినా చదివాక వాడు చెప్పింది నిజమేననిపించింది.

మాంత్రికుల కథలకు ముస్లిం ఇంట్లో ఏం పని అని కొందరు పాఠకులు అడగవచ్చు. సిహ్ర్, అంటే చేతబడి, ఘోరపాపమన్న విషయంలో మాకు సందేహం లేదు. మొదటి పుస్తకం తెరిచిననాడే పిల్లవాడికి ఆ సంగతి చెప్పాను. అయితే మా దాదీమా చెప్పిన అమీర్ హమ్జా దాస్తాన్‌లోనూ మాయాదుర్గాలు, మాంత్రికుల సైన్యాలు ఉండేవి. లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం ఆ దాస్తాన్‌ను 46 సంపుటాలుగా అచ్చువేసింది. అది విని పెరిగిన మా ఇంటివారెవరూ మంత్రగాళ్ళు కాలేదు. కల్పనను కల్పనగా వినడం ఆ తరానికి తెలుసు.

మమ్మల్ని ఏడు వేసవులు పట్టి ఉంచింది మంత్రదండాలు కాదు, ఆ కథలోని న్యాయం. మనిషిని నిలబెట్టేది అతని వంశమో శక్తో కాదు, అతడు ఎంచుకున్న దారి. పోయినవారు తిరిగిరారు. మొదటి పుస్తకంలో అనాథ బాలుడొకడు మాయాదర్పణంలో తన తల్లిదండ్రులను చూస్తూ రాత్రుళ్ళు గడుపుతాడు. ఆ అద్దం ముందునుంచి లేచి రావడం అతడు నేర్చుకున్న తొలి కఠినపాఠం. మూడవ పుస్తకంలో కాలాన్ని వెనక్కి తిప్పే పరికరం కనిపిస్తుంది. కాని దానితో వెనక్కి వెళ్ళిన పిల్లలు జరిగినదానిని మార్చరు, జరిగినదానిలో తమ వంతు పనిని చేసి వస్తారు. ఐదవ పుస్తకంలో ప్రభుత్వం దాచిపెట్టిన అటువంటి పరికరాలన్నీ పగిలిపోతాయి. రచయిత్రి ఆ తలుపును బుద్ధిపూర్వకంగానే మూసిందని నేను భావించాను.

ఎనిమిదవ కథ ఆ తలుపునే బద్దలుకొట్టింది. నాల్గవ పుస్తకంలో హతుడైన సెడ్రిక్ డిగరీకి ఆమోస్ అనే తండ్రి ఉన్నాడు. ముసలితనంలో చక్రాల కుర్చీలో వచ్చి, గతంలోకి వెళ్ళి తన కొడుకును కాపాడమని హ్యారీని వేడుకుంటాడు. హ్యారీ కుదరదంటాడు. చాటునుంచి ఈ మాటలు విన్న హ్యారీ కొడుకు ఆల్బస్, తన స్నేహితుడు స్కోర్పియస్‌తో కలిసి కాలంలో వెనక్కి ప్రయాణిస్తాడు. ‘అలా చేసి ఉంటే ఇలా జరిగేది కాదు కదా’ అన్న మాట షైతాన్ పనికి దారి తెరుస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఇక్కడి కథావస్తువు సరిగ్గా అదే. పిల్లలు చేసే ప్రతి దిద్దుబాటూ కొత్త విధ్వంసాన్ని తెస్తుంది కూడా. కాని ఆ విధ్వంసం వచ్చే తీరు దగ్గరే నాకు మనసు విరిగింది. పోటీలో అందరిముందు నవ్వులపాలైనందుకు సెడ్రిక్ హంతకుల ముఠాలో చేరిపోతాడట! గెలుపు చేతికందే దూరంలో ఉండగా కప్పును ప్రత్యర్థినే తీసుకొమ్మన్న యువకుడు ఇతడే. అంతటి శీలం ఒక్క పూట అవమానానికి ఆవిరైపోతే, అంతకుముందు మేము చదివినదంతా ఏమిటి? ఇక దుష్టనాయకుడికి రహస్యంగా ఒక కూతురు కూడా ఉందట. రైల్లో మిఠాయిలమ్మే ముసలమ్మ చేతులు పదునైన ముళ్ళుగా మారే సన్నివేశం గురించి ఏమీ అనకపోవడమే మర్యాద.

వీటన్నిటికంటే మా ఇంట్లో ఎక్కువ కలవరం రేపినది ఒకే ఒక సంభాషణ. తండ్రీకొడుకుల వాగ్వాదంలో ఆల్బస్, నువ్వు నా తండ్రివి కాకుంటే బాగుండుననే అర్థంలో మాట్లాడతాడు. అందుకు హ్యారీ, నువ్వు నా కొడుకువి కాకుంటే బాగుండునని నాకూ అప్పుడప్పుడు అనిపిస్తుందంటాడు. వెంటనే నొచ్చుకుంటాడు, నిజమే. కాని తల్లిదండ్రులు లేక అలమటించిన ఆ బాలుడి నోట ఈ మాటా? మావాడు ఆ రాత్రి నన్ను సూటిగా అడిగాడు: “ఏ తండ్రి అయినా అలా అనగలడా?”

కోపంలో అనేవాళ్ళు ఉంటారని చెప్పక తప్పలేదు. అది చెప్పి ఊరుకోలేక హూద్ సూరా తీశాను. తుఫాను అలలు కొండల్లా లేస్తున్నాయి. తిరస్కారుల పక్షాన నిలిచిన కొడుకు ఓడ ఎక్కనంటున్నాడు. ఆ క్షణంలోనూ నూహ్ ప్రవక్త (అ) వాణ్ణి పిలిచిన పిలుపు ‘యా బునయ్య’. తెలుగులో చెప్పాలంటే ‘నా చిట్టి తండ్రీ’ అన్నంత ముద్దుగా ఉంటుంది. లుఖ్మాన్ తన కొడుకుకు హితవు చెప్పేటప్పుడూ అదే పిలుపు. యూసుఫ్‌ను (అ) బావిలో పడవేసి, తనకు అబద్ధం చెప్పిన కొడుకులను కూడా యాఖూబ్ ప్రవక్త (అ) ‘నా కుమారులారా’ అనే పిలిచి, వెళ్ళి తమ్ముణ్ణి వెదకమన్నారు. మావాడు ఆ ఆయతులను తానే మరొకసారి చదువుకున్నాడు. అప్పుడు నన్ను ఇంకేమీ అడగలేదు.

ఈ నాటకంలో మంచి లేదని అనను. స్కోర్పియస్ ఉన్నాడు. చెడ్డపేరున్న ఇంట్లో పుట్టి, పుట్టుక గురించే పుకార్లు మోస్తూ, చీకటి రాజ్యంలో తానొక్కడే మిగిలినపుడు కూడా ధర్మంవైపు నిలిచిన పిల్లవాడు. పాత పుస్తకాల న్యాయం ఇతనిలోనే బతికింది. చివరలో మరో రంగముంది: హ్యారీ గతంలోకి వెళ్ళి, తన తల్లిదండ్రులు హతులయ్యే రాత్రి ఆ ఇంటి బయటే నిలబడతాడు. ఆపగల శక్తి ఉండీ ఆపకుండా, కొడుకు పక్కన ఉండగా, భరిస్తాడు. ఆ రెండు పేజీలలో మాత్రం మాకు పాత హ్యారీ కనిపించాడు.

ఆఖరి రంగంలో తండ్రీకొడుకులు కొండవాలున ఉన్న సెడ్రిక్ సమాధి వద్దకు వెళతారు. అప్పుడప్పుడు ఇక్కడికి వచ్చి క్షమాపణ చెప్పుకుంటానని హ్యారీ అంటాడు. ఇద్దరూ మెల్లగా దగ్గరవుతారు. బాగానే ఉంది. కాని కథంతటికీ కారణమైన ఆ వృద్ధుడు ఆమోస్ అక్కడ లేడు. కొడుకు సమాధి పక్కన ఆయన ఒక్క మాటైనా అంటాడని ఆశపడి, నేను ఆ పేజీలు రెండుసార్లు తిరగేశాను.